మోకాళ్ల ముందు ఖాళీ కాదు, తొడల కింద సీటు చూడండి

షోరూములో వెనక తలుపు తెరిచే ముందు సేల్స్ అబ్బాయి చిన్న పని ఒకటి చేస్తాడు. డ్రైవర్ సీటును నాలుగు వేళ్లంత ముందుకు జరుపుతాడు. జరిపి, "కూర్చోండి సార్, కాళ్లకు ఎంత ప్లేసుందో చూడండి" అంటాడు. మనం కూర్చుంటాం. మోకాలికీ ముందు సీటుకీ మధ్య పిడికిలి పెట్టి చూస్తాం. ఒక పిడికిలి పడితే సంతోషం, రెండు పడితే ఇంక ఆ కారే. కాంపాక్ట్ ఎస్‌యూవీ, అంటే నాలుగు మీటర్ల లోపు పొడవుండే ఎత్తైన కారు, కొనేటప్పుడు లోపలి జాగా చూడటానికి ఇంతకంటే పనికిరాని పరీక్ష ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ ఖాళీని పెంచి చూపించడం కంపెనీలకు చాలా సులువు. ముందు సీటు వీపును పలచగా చేసి వెనకవైపు కాస్త గుంత పెడితే కొంత వస్తుంది. వెనక సీటును డిక్కీ వైపు నెట్టి, దాని వీపును నిటారుగా నిలబెడితే ఇంకొంత వస్తుంది. అన్నిటికంటే చవకైన ఉపాయం, మనం కూర్చునే దిండును పొట్టిగా కోయడం. దిండు పొట్టిదైతే దాని అంచుకీ ముందు సీటుకీ మధ్య ఎడం ఎక్కువ కనిపిస్తుంది. చూడగానే "అబ్బా, ఎంత ప్లేసు" అనిపిస్తుంది. ఆ ప్లేసు మన తొడల కింది నుంచి లాక్కున్నదని అనంతపురంలో బయలుదేరి, మారూరు టోల్‌గేటు దాటి, పెనుకొండ చేరేసరికి గానీ తెలియదు.

తొడ మొత్తం సీటు మీద ఆనితే ఒంటి బరువు పిరుదులకూ తొడలకూ పంచుకుపోతుంది. దిండు పొట్టిదైనా, నేల ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకి లేచినా, తొడ గాల్లో ఉండిపోతుంది. అప్పుడు బరువంతా వెన్ను కింది కొసమీద పడుతుంది. ఇరవై ఏళ్లవాడికి అది పెద్ద విషయం కాదు, అటూ ఇటూ కదులుతూ కూర్చుంటాడు. అరవై దాటినవాళ్లు అట్లా కదల్లేరు. హిందూపురం దాకా అయితే ఓర్చుకుంటారు, బెంగళూరు అయితే దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఒక నిమిషం నిలబడిపోతారు. అడిగితే "ఏం లేదులే, కాళ్లు పట్టేసినాయి" అంటారు.

దిండు ఎంత పొడవుంటే అంత మంచిదని కూడా కాదు. మా అమ్మ ఐదడుగులు ఉంటుంది. పొడవైన దిండు మీద ఆమె వీపు ఆనించి కూర్చుంటే సీటు అంచు మోకాలి వెనక నరాలను నొక్కుతుంది, పాదాలు నేలకు ఆనవు, గంట తిరక్కుండానే కాళ్లు వాస్తాయి. అందుకే ఆమె వీపు ఆనించకుండా ముందుకు జరిగి కూర్చుంటుంది. అప్పుడు నడుము నొప్పి. మోకాలి వెనక భాగానికీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. అంతకంటే ఎక్కువ పడితే దిండు పొట్టిది, అసలు పట్టకపోతే ఆ మనిషికి అది పొడుగుది. పిడికిలి పరీక్ష చేసే చెయ్యి అక్కడ పెట్టి చూడండి.

ఈ కోతలన్నీ ఎందుకొచ్చాయంటే ఒక పన్ను లెక్క వల్ల. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. ఆ గీత జీఎస్టీలోకి కూడా వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతకు ఇటువైపు 18 శాతం, అటువైపు 40 శాతం. కాబట్టి కంపెనీలన్నీ 3995 మిల్లీమీటర్ల దగ్గర వచ్చి ఆగుతాయి. టాటా నెక్సాన్, మారుతి బ్రెజా, హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్, కియా సైరోస్, స్కోడా కైలాక్ అన్నీ 3995. మహీంద్రా త్రీఎక్స్‌ఓ 3990. (బ్రెజా సంగతి విచిత్రం. పొడవు గీత లోపలే ఉన్నా పెట్రోల్ ఇంజిన్ 1462 సీసీ కావడంతో 40 శాతంలోనే పడుతుంది.)

బయట పొడవు అందరికీ ఒకటే అయినప్పుడు లోపల తేడా ఎక్కడి నుంచి వస్తుంది? చక్రాలు ఎక్కడ పెట్టారన్న దాన్నుంచి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు, మనుషులు కూర్చునేది ఆ మధ్యలోనే. నెక్సాన్‌లో అది 2498, బ్రెజాలో 2500, సోనెట్‌లో 2500, సైరోస్‌లో 2550, కైలాక్‌లో 2566, త్రీఎక్స్‌ఓలో 2600 మిల్లీమీటర్లు. పక్కన వీటికంటే పెద్దదైన హ్యుందాయ్ క్రెటాను పెట్టి చూడండి. క్రెటా పొడవు 4330, వీల్‌బేస్ 2610. అంటే బయట 34 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్న త్రీఎక్స్‌ఓ, చక్రాల మధ్య మాత్రం క్రెటాకు ఒక్క సెంటీమీటరే తక్కువ. అది ఊరికే రాదు. డిక్కీలోనో బానెట్‌లోనో తగ్గించుకోవాలి. త్రీఎక్స్‌ఓ డిక్కీ 364 లీటర్లు, కైలాక్‌ది 446.

రెండో దారి ఎత్తు. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటే పొడవు కావాలి, కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు కిందికి దించి కూర్చుంటే పొడవు తక్కువ చాలు, ఎత్తు కావాలి. బ్రెజా ఎత్తు 1685, సైరోస్ 1680. ఈ రెండూ చూడటానికి డబ్బాల్లా ఉన్నాయని మా బావమరిది వెక్కిరిస్తాడు. వెనక కూర్చునేవాడికి ఆ డబ్బా ఆకారమే మేలు. నెక్సాన్ 1620, కైలాక్ 1619. అందం కోసం పైకప్పును వెనక్కి వాలుస్తూ తెస్తే, ఆ వాలు వచ్చి ఆగేది వెనకవాళ్ల నెత్తిమీదే.

ఇక్కడ మన అనంతపురం జిల్లా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. మన జిల్లా అంటే 2022 ఏప్రిల్ దాకా మనదే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు వస్తున్నాయి. సోనెట్, సైరోస్ రెండూ ఆ ఫ్యాక్టరీవే. హైవే మీద బెంగళూరు పోతూ ఆ రెండు కార్లూ ఎక్కించుకున్న కంటైనర్ లారీలను ఓవర్‌టేక్ చేస్తుంటాం. ఒకే కంపెనీ, ఒకే ఫ్యాక్టరీ, ఒకే పొడవు, కానీ లోపలి ఆలోచనలు పూర్తిగా వేరు. సోనెట్ నడిపేవాడి కారు, వెనక ఇరుకు. సైరోస్ వెనక కూర్చునేవాళ్ల కోసం గీసిన కారు. దాని వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వీపు కూడా వాలుతుంది. సామాను ఎక్కువైతే సీటును ముందుకు జరిపి 390 లీటర్ల డిక్కీని 465 చేసుకోవచ్చు. కాళ్లు చాపుకోవాలంటే వెనక్కి జరుపుకోవచ్చు. రోడ్డు మీద మాత్రం సైరోస్ కంటే సోనెట్లే నాకు ఎక్కువ కనిపిస్తాయి. మన కొనుగోళ్లలో డ్రైవర్ సీటు పెత్తనం ఎంతో దీన్నిబట్టే చెప్పొచ్చు.

మరి ముఖ్యమైన విషయం ఎక్కడం, దిగడం. కాంపాక్ట్ ఎస్‌యూవీలు మన ఊళ్లలో ఇంత నడవడానికి అసలు కారణం గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ కారు అడుగుకూ మధ్య ఎత్తు, అని అందరూ అంటారు. నాకైతే సీటు ఎత్తే కారణం అనిపిస్తుంది. మామూలు చిన్న కారులోకి దిగబడాలి, స్కార్పియోలోకి ఎక్కాలి. ఈ సైజు కారులో మాత్రం సీటు సరిగ్గా పిరుదుల ఎత్తుకు వస్తుంది. మా అమ్మ కారెక్కే తీరు చూస్తే ఇది అర్థమవుతుంది. తలుపు దగ్గర వెనక్కి తిరుగుతుంది. ఎడమ చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, కుడి చేత్తో తలుపు పైనున్న పిడి అందుకుని, ముందు కూర్చుంటుంది. తర్వాత ఒక కాలు లోపలికి, కాసేపాగి రెండో కాలు. ఈ మొత్తం తతంగం జరగాలంటే సీటు ఎత్తు సరిపోవాలి, తలుపు బాగా వెడల్పుగా తెరుచుకోవాలి, సీటు అంచు తలుపు గడప నుంచి మరీ లోపలికి ఉండకూడదు. బ్రోచర్‌లో ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. టాటా పంచ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయని ప్రచారం చేసుకున్నప్పుడు చాలామంది నవ్వారు. ముసలివాళ్లున్న ఇంట్లో అది నవ్వే విషయం కాదు.

గడప గురించి ఇంకో మాట. మా నాన్న పంచె కడతాడు. కొన్ని కార్లలో తలుపు కింది అంచు గడపను పూర్తిగా కప్పేస్తుంది, కొన్నింట్లో గడప బయటికే ఉండిపోతుంది. బయటికి ఉన్న గడప మీద మన ఎర్రమట్టి పేరుకుంటుంది. దిగేటప్పుడు పంచె వెనకభాగం దానికి రాసుకుని, మోకాలి కింద ఎర్రటి గీత ఒకటి పడుతుంది. పెళ్లికి పోయి దిగగానే అదీ వరస. వానాకాలంలో అయితే బురద. ఈ ఒక్క విషయం ఏ రివ్యూలోనూ కనిపించదు, ఎందుకంటే రివ్యూ చేసేవాళ్లంతా జీన్స్ వేసుకుంటారు.

డిక్కీ లీటర్ల గురించి ఎక్కువ చెప్పను. పుస్తకం సైజు దిమ్మెలు, ఒక్కోటి సరిగ్గా ఒక లీటరు, పేర్చి లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది, జర్మనీ వాళ్లది. మనం ఎక్కించేది చెనక్కాయల మూట, పెళ్లి సామాను, ఊరి నుంచి బియ్యం. వాటికి లీటర్ల కంటే డిక్కీ అంచు ఎత్తు ముఖ్యం. మూటను నడుము దాకా ఎత్తితే చాలా, ఛాతీ దాకా ఎత్తాలా అనేది చూసుకోండి. సీఎన్‌జీ తీసుకునేవాళ్లు సిలిండర్ డిక్కీలో ఎంత తింటుందో తెరిపించి చూడండి. ఎలక్ట్రిక్ కొనేవాళ్లయితే బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి పెట్రోల్ మోడల్‌లో కూర్చుని చూసి దీన్ని బుక్ చేయొద్దు. నేల పైకి వస్తే మోకాళ్లూ పైకి వస్తాయి, తొడ సంగతి మళ్లీ మొదటికి.

ఇప్పుడు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటడం మనకు మామూలు. అట్లాంటి ఊళ్లో కారు కొన్న సాయంత్రమే మనవాళ్లు చేసే పని, నల్లటి మందపాటి రెక్సిన్ సీటు కవర్లు కుట్టించడం. బట్ట సీటు గాలి పీలుస్తుంది, ఎండలో ఆపిన కారులో కూర్చున్నా కాలదు. దాని మీద రెక్సిన్ తొడిగి, వీపంతా చెమటతో అతుక్కుంటుంటే ఏసీ సరిగా లేదంటారు. పైగా ఇప్పుడు ఆరు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో పక్క ఎయిర్‌బ్యాగులు ముందు సీటు అంచులోనే ఉంటాయి. ప్రమాదంలో అవి సీటు కుట్టును చీల్చుకుని రావాలి. దానికి జాగా వదలకుండా మూసి కుట్టిన కవరు ఉంటే ఎట్లా వస్తాయి? వెంటిలేటెడ్ సీట్లంటే దిండులోని చిన్న రంధ్రాల గుండా గాలి ఆడించే ఫ్యాన్లు. వాటికి అదనంగా డబ్బు కట్టి, పైన కవరు వేసి ఆ రంధ్రాలు మూసినవాళ్లను నేను చూశాను. వెనక సీటు బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది, ఆ బెల్టు బకిల్స్ కూడా కవరు కిందే నిద్రపోతుంటాయి. మా చిన్నాయన అంబాసిడర్ కాలం నుంచీ సీటు మీద తువ్వాలు పరుస్తాడు. మాసిపోతే ఉతుకుతాడు, ఆరితే మళ్లీ పరుస్తాడు. మన ఎండకు అంతకంటే మంచి సీటు కవరు నాకు తెలియదు.

సన్‌రూఫ్ గురించి గొడవ పెట్టుకోవాలని లేదు గానీ, పెట్టుకోక తప్పదు. అద్దం వెనక్కి జరగడానికి కావాల్సిన చట్రం పైకప్పులోనే ఇమడాలి, ఆ మేరకు తల మీద జాగా తగ్గుతుంది. ఆరడుగుల మనిషి వెనక కూర్చుంటే రెండు వేళ్ల తేడా కూడా తెలుస్తుంది. మన దగ్గర దాన్ని మధ్యాహ్నం ఎవరూ తెరవరు. సాయంత్రం పిల్లలు నిలబడి తల బయట పెట్టడానికి తెరుస్తారు, అది అసలే చేయకూడని పని.

కిటికీ ఎత్తు మాత్రం అందరూ వదిలేసే విషయం. ఈ మధ్య డిజైన్‌లో కిటికీ కింది గీత వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తోంది. పెద్దవాళ్లకు చీకటిగా ఉందనిపిస్తుంది, అంతే. ఆరేళ్ల పిల్లకు బయట ఏమీ కనపడదు. కంటికి కారు లోపల కదలకుండా కనిపిస్తుంటే, చెవిలోని బ్యాలెన్స్ మాత్రం మలుపులను పట్టేస్తుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకనే వాంతులు. తిరుమల ఘాట్‌లో పిల్లలకు నిమ్మకాయ వాసన చూపించేవాళ్లు కారు కొనేటప్పుడు కిటికీ గీత కూడా చూసుకోవాలి. ఈ విషయంలో బ్రెజా పాతకాలపు పెద్ద అద్దాలే నయం.

ఇంక మధ్య సీటు. బ్రోచర్‌లో ఐదుగురు అని ఉంటుంది. ఈ కార్ల వెడల్పు 1783 నుంచి 1821 మిల్లీమీటర్ల మధ్యలో ఉంది. రెండువైపులా తలుపుల మందం పోతే భుజాల దగ్గర ఒకటిన్నర మీటరు కూడా మిగలదు. అందులో ముగ్గురు పెద్దవాళ్లు. త్రీఎక్స్‌ఓ, నెక్సాన్ వెడల్పు వల్ల కొంత నయం. కైలాక్‌లో దిండు, తొడ ఆసరా బాగుంటాయి, కానీ నేల మధ్యలో గుట్టలాంటి ఎత్తు ఒకటి ఉంది, మధ్యలో కూర్చున్నవాళ్లు కాళ్లు అటొకటి ఇటొకటి వేసుకోవాలి. ప్రశ్న ఏంటంటే, అట్లా కూర్చునేది ఎవరు? మన ఇళ్లలో దానికి చర్చే ఉండదు. మామ ఒక కిటికీ దగ్గర, అత్త ఇంకో కిటికీ దగ్గర, మధ్యలో కోడలు, ఆమె ఒళ్లో పిల్ల. కాళ్ల కింద టిఫిన్ క్యారియర్. అందరికంటే తక్కువ గొణిగేవాళ్లకే ఆ సీటు. కారు కొనేముందు ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, అటూ ఇటూ ఇద్దరిని ఎక్కించి, "ఎట్లుంది?" అని అడిగిన మగవాణ్ణి నాకు చూపించండి. మధ్య సీటుకు మూడు పాయింట్ల బెల్టు, తలకు ఆసరా ఉన్నాయా అన్నది సరేసరి. ఒళ్లోని పిల్ల విషయానికొస్తే, ఆమెకు ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించే చైల్డ్ సీటు కావాలి. అది పెడితే వెనక ఇద్దరికే జాగా. లెక్క అక్కడికే వస్తుంది. ఇది నలుగురి కారు, ఐదో మనిషి పిలవని చుట్టం.

"అట్లయితే ఎర్టిగా కొనొచ్చు గదా అప్పా" అని మా చిన్నాయన అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఏడు సీట్ల మారుతి ఎర్టిగా పొడవు 4435, వీల్‌బేస్ 2740, పన్ను 40 శాతం. ఐదారుగురు ఎప్పుడూ కలిసి తిరిగే ఇల్లయితే అదే కొనాలి. "ఎస్‌యూవీ లుక్" కోసం నాలుగు మీటర్ల కారులో ఆరుగురిని కుక్కడం కంటే ట్యాక్సీలాగా ఉందని నలుగురూ అన్నా నష్టం లేదు. కానీ మా సందులో అంత పొడవు కారును తిప్పడం కష్టం, గేటు లోపల పెడితే తలుపు తెరుచుకోదు. మా వీధిలో సగం ఇళ్లకు ఇదే లెక్క. నాలుగు మీటర్ల గీతను ఢిల్లీలో పన్ను కోసం గీశారు గానీ, మా కాంపౌండు గోడ కూడా అక్కడే ఉంది.

నాకు వచ్చే ఇంకో అభ్యంతరం, రోజూ నడిపేది నేనే కదా, వెనక కూర్చునేది నెలకోసారి కదా అని. నిజమే. కానీ డ్రైవర్ సీటుకు ఎత్తు సర్దుకోవచ్చు, ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, వీపు వాల్చుకోవచ్చు. వెనక సీటులో సైరోస్ లాంటి ఒకటి రెండు కార్లు తప్ప ఏదీ సర్దుకోలేం. కంపెనీ ఎట్లా బిగించిందో అట్లాగే పదేళ్లు. సర్దుకునే వీలున్న సీటును అరగంట పరీక్షించి, లేని సీటును పిడికిలితో సరిపెట్టడం తలకిందుల వ్యవహారం.

మీరు చూడబోతున్నట్టయితే టెస్ట్ డ్రైవ్ అడిగే పద్ధతి మార్చండి. మామూలుగా కొనేవాడు నడుపుతాడు, సేల్స్ అబ్బాయి పక్కన కూర్చుంటాడు, పెద్దవాళ్లు షోరూము సోఫాలో టీ తాగుతుంటారు. కారు బైపాస్ దాకా పోయి తిరిగొస్తుంది. డ్రైవర్ సీటును మీకు కావాల్సినట్టు సర్దుకున్నాక దాన్ని అట్లాగే వదిలి, వెనక్కి వచ్చి దాని వెనకే మీరు కూర్చోండి. నడపడం సేల్స్ అబ్బాయికి వదిలేయండి. పెద్దవాళ్లను ఎక్కించుకుని రాప్తాడు దాటి పోయి రండి. మెత్తటి సీటు మొదటి ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది, అరగంటకు కుంగుతుంది. కొంచెం గట్టిగా అనిపించిన సీటే దూరానికి మంచిది. షోరూములో మెత్తదనం చూసి "సూపర్" అనకండి.

ఇంతా చూసుకున్నాక కూడా చివరికి గొడవ వేరియంట్ల దగ్గరే వస్తుంది. వెనక ఏసీ గాలి, పైకీ కిందికీ జరిగే హెడ్‌రెస్ట్, చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ లాంటివి చాలా కార్లలో అన్నిటికంటే కింది వేరియంట్‌లో కోసేస్తారు. వెనక సీటుకు వెంటిలేషన్ కావాలంటే పై వేరియంట్ దాకా పోవాలి. అక్కడ దానితోపాటు సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, రంగుల లైట్లు అన్నీ కట్టబెడతారు. నాకు కావాల్సిన కారు చాలా మామూలుది. సన్‌రూఫ్ వద్దు, స్క్రీన్ చిన్నదైనా చాలు, అల్లాయ్ చక్రాలు అక్కర్లేదు. వెనక రెండు ఏసీ వెంట్లు, బట్ట సీటు, మూడు హెడ్‌రెస్టులు, గడపను కప్పే తలుపు, తలుపు పైన అమ్మ పట్టుకోవడానికి గట్టి పిడి. ఎర్రమంచిలోనో ఇంకెక్కడో ఈ వేరియంట్ చేస్తే బుకింగ్ డబ్బు నేను రేపే కడతాను.